అత్తిపత్తి నిద్ర

"ఈయనెవరు డాక్టరుగారూ? ఈ ఫొటో నా జేబులో ఎందుకుంది?" అంటూ హరనాథ్ ఒక ఫొటో తెచ్చి నా బల్లమీద పెట్టాడు.

అక్టోబరు నెల. అంటార్కిటికాలో పొద్దు తిరిగొచ్చి చాలా రోజులైంది. హిమధార కేంద్రం కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ ఫొటో చూశాను. పాత స్కూటరు పక్కన నిలబడి నవ్వుతున్న నడివయసాయన. ఈ ఫొటో నాకు కొత్త కాదు. ఫిబ్రవరిలో నిద్రకు వెళ్ళే ముందు హరనాథే నాకు చూపించాడు. "మా నాన్న. నా పద్నాలుగో ఏట పోయాడు. ఇది దగ్గర లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళనండీ" అన్నాడు.

"నిజంగా తెలీదా నీకు?" అన్నాను.

"ఎక్కడో చూసినట్టు కూడా లేదండీ."

పార్వతీపురంలో ఉన్న వాళ్ళమ్మకి ఫోను కలిపాను. ఆవిడ కంగారు పడి, ఏడ్చి, తమాయించుకుని, ఆయన గురించి గంటసేపు చెప్పింది. స్కూటరు ముందు నిలబెట్టుకుని ఊరంతా తిప్పేవాడనీ, లెక్కలు రాకపోతే తొడపాశం పెట్టేవాడనీ. హరనాథ్ బుద్ధిగా విన్నాడు. ఫోను పెట్టేశాక, "మంచాయనే అనుకుంటానండీ" అన్నాడు. పక్కింటాయన గురించి అన్నట్టు అన్నాడు.

ఆ నిద్ర మందు తయారుచేసింది నేను. నా పేరు మందాకిని. పుట్టింది కాకినాడలో. ఉత్తర ధ్రువం దగ్గర ఒక జాతి ఉడత ఉంది, ఏడాదిలో ఎనిమిది నెలలు గడ్డకట్టిన నేలలో నిద్రపోతుంది. దాని రక్తంలో దొరికిన పదార్థం వెనక పన్నెండేళ్ళు తిరిగాను. శని చుట్టూ తిరిగే ఒక చందమామ మీద, మంచు పొర కింద సముద్రం ఉంది. అక్కడికి మనుషులు వెళ్ళాలంటే దారిలోనే ఆరేళ్ళు పడుతుంది. ఆరేళ్ళ తిండి, గాలి, నీళ్ళు మోసుకెళ్ళే ఓడ ఎవరిదగ్గరా లేదు. నిద్రపోతూ వెళ్ళాలి. ఆ నిద్రను మొదటిసారి మనుషుల మీద చూడడానికే మేం అంటార్కిటికా వచ్చాం. ఫిబ్రవరిలో ఇద్దరు పడుకున్నారు. భూగర్భ శాస్త్రవేత్త హరనాథ్ ఒకడు, దళానికి నాయకురాలు సునంద ఒకతె. ఎనిమిది నెలలు వాళ్ళ ఒళ్ళు తొమ్మిది డిగ్రీల చల్లదనంలో ఉంది. గుండె నిమిషానికి నాలుగుసార్లు కొట్టుకునేది. హరనాథ్‌ని ముందు లేపాం. లేచిన మూడో రోజుకే క్యారమ్స్ ఆడాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఫొటో తెచ్చింది పదిహేనో రోజున.

ఆ రోజంతా అతని మెదడు చిత్రాలు ముందేసుకుని కూచున్నాను. చలిలో మెదడులోని పోగులు ముడుచుకుంటాయని మాకు ముందే తెలుసు. ముట్టుకుంటే అత్తిపత్తి ఆకు ముడుచుకున్నట్టే. ఒళ్ళు వెచ్చబడితే అవే విప్పుకుంటాయి, ఉడతల్లో గంటల్లో విప్పుకున్నాయి. మనుషుల్లో అలా కాదని అప్పుడు తెలిసింది. కదిలించినవే విప్పుకుంటున్నాయి. పదకొండు రోజులవరకూ ఎదురుచూసి, కదలనివి కరిగిపోతున్నాయి. హరనాథ్ ఆ పదకొండు రోజుల్లో భార్యతో మాట్లాడాడు, రాళ్ళ గురించి మాట్లాడాడు, విశాఖలో కాలేజీ రోజుల గురించి మాట్లాడాడు. అవన్నీ ఉన్నాయి. పోయిన తండ్రి గురించి ఎవరూ ఎత్తలేదు. ఆయన లేడు.

అతనికి ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాసేపు ఫొటో వంకే చూశాడు.

"నేర్చుకుంటానండీ," అన్నాడు. "అమ్మ చెప్తుంది కదా. కానీ నేర్చుకోడం, గుర్తుండడం ఒకటి కాదు." తర్వాత తలెత్తి, "సునంద మేడంని ఎప్పుడు లేపుతున్నారు?" అని అడిగాడు.

మందు ప్రభావం తగ్గిపోతోంది. నాలుగు రోజుల్లో లేపక తప్పదు.

*

సునందకి ముప్పై ఎనిమిదేళ్ళు. చీరాల పిల్ల. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే అక్క రూతమ్మ పెంచింది. రూతమ్మ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. సంగతంతా ఫోనులో చెప్పాక ఆవిడ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "పదకొండు రోజులు సెలవు పెడతా. ఎట్టా చెయ్యాలో చెప్పండి" అంది.

లేపడం ఒక పగలంతా పట్టింది. వెచ్చటి నీళ్ళు తిరిగే దుప్పట్లలో ఆమె వేళ్ళు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పెదవులు. సాయంత్రానికి కళ్ళు తెరిచింది. మంచం ఎదురుగా తెరమీద చీరాల వంటిల్లు కనిపిస్తోంది. కుక్కరు కూత వేస్తోంది. రూతమ్మ పమిటతో చెయ్యి తుడుచుకుంటూ తెరకి దగ్గరగా వచ్చింది.

"ఏమే సునందా, నేనెవరో చెప్పు."

సునంద చాలాసేపు చూసింది. "అక్క" అంది. గొంతు బొంగురుగా ఉంది. "కుక్కరు... మూడు కూతలు."

"ఆ! మూడో కూతకి దించకపోతే అన్నం చిమిడిపోద్దని నీకు నేర్పింది నేనే" అంటూ రూతమ్మ అప్పుడు ఏడ్చింది.

ఆ ఎనిమిది రోజులు నేను మరిచిపోలేను. రూతమ్మ పొద్దున్న ఆరింటికి తెరముందు కూచునేది. పప్పు రుబ్బుతూ, బట్టలు మడతపెడుతూ చెల్లెలి బతుకంతా మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. ఓడరేవు దగ్గర ఈత నేర్చుకుంటూ మునిగిపోబోయిన రోజు, చర్చిలో పాడుతూ మధ్యలో మాట మర్చిపోయి నవ్విన రోజు, పదో తరగతిలో ఇంట్లోంచి చెప్పకుండా విజయవాడ వెళ్ళి ఎన్‌సీసీ క్యాంపులో చేరిన రోజు.

"నన్ను కొట్టావు కదా ఆ రోజు, దువ్వెనతో" అంది సునంద.

"దువ్వెన సంగతి నేను చెప్పలేదు," రూతమ్మ నా వైపు చూసి అరిచింది. "డాక్టరమ్మా, నేను చెప్పలేదు! దానికే వచ్చింది!"

అదే గుర్తు పట్టే పద్ధతి అయింది మాకు. మనం చెప్పింది తిరిగి చెపితే నేర్చుకున్నట్టు. మనం చెప్పనిది చెపితే గుర్తొచ్చినట్టు. ఒక పోగు విప్పుకుంటే పక్క పోగుల్ని తనే లాక్కొచ్చేది. హరనాథ్ పక్కన కూచుని చెప్పినవీ చెప్పనివీ రాసేవాడు. కేంద్రంలో వాళ్ళందరం తలా ఒక పూట మాకు తెలిసిన సునందని సునందకి చెప్పాం.

ఒక్క విషయం మాత్రం ఎవరం ఎత్తలేదు. తిరుమలేశు పేరు.

రెండేళ్ళ కిందటి అంటార్కిటికా యాత్రలో సునంద, తిరుమలేశు కలిసి మంచుబండిలో మిగతా దళానికి ముందు దారి చూసుకుంటూ వెళ్ళారు. తిరుమలేశు మెకానిక్కు. రాయదుర్గం దగ్గర పల్లెవాడు. నేల కింద చూసే రాడార్ సరిగా పలకడం లేదని అతను అన్నాడు. వెనక తుపాను వస్తోంది. ఆగితే ఇద్దరం చిక్కుకుపోతామని సునంద ముందుకే పోదామంది. అతను దిగి దారి చూస్తుంటే కాలి కింద మంచు విరిగింది. చీలికలో నలభై అడుగుల లోతున ఇరుక్కుపోయాడు. మిగతా దళం నాలుగు గంటల తర్వాత గానీ చేరలేకపోయింది. అప్పటికి అతను లేడు. విచారణలో సునంద తప్పేమీ లేదన్నారు. పడగానే స్పృహ తప్పాడనీ, మాటాపలుకూ లేకుండా పోయాడనీ సునంద వాంగ్మూలం ఇచ్చింది. ఆ తర్వాత ఆమె పని మానలేదు, నవ్వడం మానేసింది.

ఎనిమిదో రోజు ఆమె అద్దంలో చూసుకుంటూ జడ వేసుకుంది. వేసుకుంటూ పాట తీసింది. అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం.

ఆ మధ్యాహ్నం రూతమ్మ నాతో విడిగా మాట్లాడాలంది.

"ఆ తిరుమలేశు సంగతి ఎత్తమాకండి డాక్టరమ్మా. రెండేళ్ళుగా నా చెల్లెలు నిద్రలో ఉలిక్కిపడి లేచేది. సెలవులకొస్తే గోడవంక చూస్తా కూచునేది. నేను చెయ్యని ప్రార్థన లేదు. దేవుడు ఇట్టా దారి చూపించాడనుకుంటా. మూడు రోజులు నోరు మూసుకుంటే పోద్ది. పోనీండి."

హైదరాబాద్ నుంచి మా డైరెక్టరు పరాంకుశంగారు కూడా ఇంచుమించు అదే అన్నారు. శని యాత్రకి నాయకురాలిగా సునంద పేరు అనుకుంటున్నారు, ఆమె మనసు మీద ఆ బరువుందని ఎంపిక సంఘం సందేహిస్తోంది. "నేను ఇలా చెయ్యమని చెప్పడం లేదు మందాకినీ. నువ్వే ఆలోచించు" అన్నారు. ఆయన చెప్పదలుచుకున్నది అర్థమైంది.

నేను ఆలోచించాను. ఆమె పాడిన పాట నా చెవిలోనే ఉంది. నిజం చెప్పాలంటే, నాకు కూడా నోరు మూసుకోవాలనే ఉంది.

*

తొమ్మిదో రోజు కేంద్రానికి ఫోను వచ్చింది. ఆడమనిషి గొంతు.

"నేను ఈశ్వరమ్మని మేడం. తిరుమలేశు భార్యని. సునందక్క నిద్ర లేచిందంట కదా? పేపర్లో ఏసినారు. ఒక్కసారి మాట్లాడిస్తారా?"

ప్రతి ఆదివారం సునంద ఆమెకి ఫోను చేసేదని అప్పుడే తెలిసింది నాకు. సునంద ఇంకా నీరసంగా ఉందని ఏదో చెప్పబోయాను. చెప్పలేక సంగతంతా చెప్పేశాను.

"అంటే, మా ఆయన్ని మర్చిపోతాదా అక్క?"

"ఆమెకి శాంతిగా ఉంటుందని వాళ్ళక్క..."

"మేడం, నేను చదువుకున్నదాన్ని కాదు. ఒక మాట సెప్తాను, తప్పయితే ఇడిసిపెట్టండి. పడతానే స్పృహ పోయిందని అక్క నాకి సెప్పింది. అది అబద్ధమని నాకి తెల్సు. ఆ మాట సెప్పేటప్పుడు ఆయమ్మ గొంతు నేను ఇన్నాను కదా. ఎప్పుడో ఒకనాడు సెప్తాదిలే అని రెండేండ్లుగా కాసుకోనుండాను. అడిగి ఇబ్బంది పెట్టలేదు. ఆ కడపట ఆయప్ప దగ్గర ఉండింది ఆయమ్మ ఒక్కతే. మీరు అది తుడిసేస్తే నేను ఎవర్ని పోయి అడగల్ల?"

ఆ ఫోను అలాగే ఉంచి, సునందకి వినపడకుండా నా గదిలోని తెరమీదికి రూతమ్మని పిలిచాను. ఈశ్వరమ్మ మళ్ళీ ఆ మాటే ఆవిడకి చెప్పింది.

రూతమ్మ మొహం గట్టిపడింది. "నీ బాధ నాకు తెలుసమ్మా. కానీ దాన్ని నేను పెంచుకున్నా. మళ్ళీ ఆ గుంటలోకి తోసెయ్యమంటావా?"

"నేను తొయ్యమన్లేదు అక్కా. ఆమె నిన్ను అడిగిందా, తీసెయ్యమని?"

పక్కన రాసుకుంటున్న హరనాథ్ అప్పుడు తలెత్తాడు.

"రూతమ్మగారూ, మా నాన్న పోయినప్పుడు నేను ఎంత ఏడ్చానో మా అమ్మ చెప్పింది. వారం రోజులు అన్నం తినలేదట. ఆ ఏడుపు కూడా ఇప్పుడు నా దగ్గర లేదండీ. అది ఉన్నా బాగుండునని ఉంది."

ఆవిడ లేచి తెర ముందునుంచి వెళ్ళిపోయింది. ఖాళీ కుర్చీ, దాని వెనక పొయ్యిమీద ఆవిర్లు కక్కుతున్న గిన్నె కనిపిస్తున్నాయి. గంట దాటాక తిరిగొచ్చింది. మొహం కడుక్కుని ఉంది.

"సరే. చెపుదాం. కానీ నేనే మొదలుపెడతా. వేరేవాళ్ళ నోట వినకూడదు అది."

*

పదో రోజు రూతమ్మ చెప్పింది. మంచుబండి, రాడార్, తుపాను, విరిగిన మంచు. సునంద చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది.

"నేనే పోదామన్నానా?"

"ఆఁ. నువ్వే."

"నాకు గుర్తు లేదక్కా." ఆమె మొహం పాలిపోయింది. "ఒక మనిషి నా వల్ల పోతే నాకు గుర్తు లేకుండా ఎట్టా?"

ఆ రోజంతా ప్రయత్నించాం. అతని ఫొటోలు చూపించాం. అతను బాగుచేసిన బండి శబ్దం వినిపించాం. ఆమె అన్నీ విని, అన్నీ నేర్చుకుంది. మేం చెప్పనిది ఒక్కటీ ఆమె నోటివెంట రాలేదు. హరనాథ్ కాగితంలో ఒకవైపే నిండింది.

పదకొండో రోజు పొద్దున ఈశ్వరమ్మని తెరమీదికి తెచ్చాం. రాయదుర్గంలో ఒక బట్టల దుకాణం వాళ్ళ కంప్యూటరు ముందు కూచుంది. చుట్టూ కుట్టుమిషన్లు. ఒళ్ళో రెండేళ్ళ పాప హంస. తండ్రి అంటార్కిటికాలో ఉండగా పుట్టిన పిల్ల.

"అక్కా, ఆయన ఎట్టా మాట్లాడతాడో సెప్తాను ఇను," అంది. "ఏ బండి చూసినా ముందు దాన్ని పలకరిస్తాడు. ఏం తల్లీ, యాడ నొప్పి అంటాడు. కోపమొస్తే నోరు మెదపడు, పళ్ళు నూరతాడు. భయమైతే మాత్రం ఆగకుండా మాట్లాడతానే ఉంటాడు. పాము కనపడితే ఊరంతా ఇనపడేటట్టు వసపిట్ట మాదిరి మాట్లాడినాడు ఒకతూరి."

సునంద కళ్ళు మూసుకుంది. కుట్టుమిషన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"మాట్లాడుతూనే ఉన్నాడు," అంది సునంద మెల్లగా.

హరనాథ్ కలం ఎత్తాడు.

"ఆగలేదు. వాకీటాకీలో. నేను అంచున బోర్లా పడుకుని ఉన్నా. తాడు అందింది గానీ నడుము ఇరుక్కుపోయింది, లాగితే అరుస్తున్నాడు. లైటు ఆర్పొద్దు మేడం, కనపడతా ఉంది అన్నాడు. పన్నెండో ఏట ట్రాక్టరు విప్పి మళ్ళీ బిగించానని చెప్పాడు. ఒక బోల్టు మిగిలిపోయిందంట. ఇప్పటికీ అది ఎక్కడిదో తెలీదంట. హెలికాప్టరు వస్తోందా అని అడిగాడు. వస్తోంది, బయల్దేరిందన్నా. బయల్దేరలేదు ఈశ్వరీ. ఆ గాలిలో ఎగరలేమని అప్పటికే చెప్పేశారు. నేను అబద్ధం చెప్పా. సగం దారి దాటిందన్నా. ఇంకో పావుగంట అన్నా. నాలుగు గంటలు అట్టా చెపుతూనే ఉన్నా."

ఆమె ఆగింది. కళ్ళు తెరిచి తెరలో పాప వంక చూసింది.

"చివర్లో అన్నాడు. మేడం, మీకి అబద్ధం సెప్పేది రాదు. అయినా సెప్తా ఉండండి, బాగుంది అన్నాడు."

ఈశ్వరమ్మ పాప తలమీద మొహం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తలెత్తాక చూస్తే రెండూ ఉన్నాయి.

"ఆయనే," అంది. "అచ్చం ఆయనే. నాక్కూడా అట్లే అంటాడు. నా వంట బాగలేకపోయినా బాగుందని నేనంటే, నీకి అబద్ధం సెప్పేది రాదు అంటాడు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాలుగు గంటలా అక్కా?"

"నాలుగు గంటలు."

"అయితే ఒక్కడే పోలేదన్నమాట. మంచులో ఒక్కడే అరిసి అరిసి పోయినాడేమో అని రెండేండ్లుగా నాకి కడుపులో ఒకటే కోత. నువ్వు పక్కన మాట్లాడతా ఉండావన్నమాట."

"నేను అబద్ధాలు చెప్పా ఈశ్వరీ."

"సెప్పమన్నాడు కదా ఆయనే. బాగుందన్నాడు కదా."

సునంద అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడవగా చూడడం నాకదే మొదటిసారి. చీరాల తెరమీద రూతమ్మ చెయ్యి చాచి, తెర తగిలి, అక్కడే ఆగిపోయింది. నేను వెళ్ళి సునంద భుజం పట్టుకున్నాను. ఆ రాత్రి ఆమె ఉలిక్కిపడకుండా తెల్లవార్లూ నిద్రపోయింది. మందు లేని మామూలు నిద్ర.

*

అన్నీ తిరిగి రాలేదు. సునంద పాత డైరీలో ఒకచోట "ఇవాళ మళ్ళీ చుక్కల మేడ ఎక్కాం. ఎవరికీ చెప్పకూడదు" అని ఉంది. ఎవరితో ఎక్కిందో, అది ఎక్కడుందో ఆమెకి తెలియదు. రూతమ్మకీ తెలియదు. ఇంకెవరైనా చెప్పగలిగినవాళ్ళుంటే వాళ్ళెవరో మాకు తెలియదు. "ఎవరికీ చెప్పకుండా దాచుకున్నవన్నీ పోయాయి మేడం," అంది నాతో. "ఎన్ని పోయాయో లెక్క కూడా తెలీదు." దానికి నేను చేసిన మందే కారణం. అందుకు క్షమాపణ అడిగాను. ఆమె ఇచ్చింది. నేను ఇప్పటికీ పూర్తిగా తీసుకోలేదు.

సంఘం ముందు ఆమె ఒకే మాట చెప్పింది. ఓడలో అందరూ ఒకేసారి నిద్రపోకూడదు. ఎప్పుడూ ఒకరు మెలకువగా ఉండాలి. లేచినవాళ్ళ పక్కన పదకొండు రోజులు కూచుని వాళ్ళని వాళ్ళకి చెప్పాలి. అంటే ఓడ పెద్దది కావాలి, తిండి ఎక్కువ కావాలి, యాత్ర ఆరేళ్ళు వెనక్కి జరగాలి. అప్పటికి తన వయసు దాటిపోతుందేమో అని పరాంకుశంగారు అన్నారు. "దాటితే వేరేవాళ్ళు వెళ్తారు సార్" అంది.

వయసు దాటలేదు. ఆరేళ్ళ తర్వాత వెళ్ళిన నలుగురిలో ఆమె ఒకతె. హరనాథ్ మరొకడు. బయల్దేరే ముందు ఏడాదిపాటు ఆ నలుగురూ హైదరాబాద్‌లో ఒకే ఇంట్లో ఉండి, ఒకరి బతుకు ఒకరికి చెప్పుకున్నారు. దాచుకున్నవాటిలో ఏవి చెప్పాలో, ఏవి పోతే పోనివ్వాలో ఎవరికి వాళ్ళు తేల్చుకున్నారు. సునంద రాయదుర్గం వెళ్ళి నాలుగు రోజులు ఉండి, హంసకి ఆ నాలుగు గంటల సంగతి తనే చెప్పి వచ్చింది.

రాకెట్టు లేచిన ఉదయం మేం సముద్రపొడ్డున నిలబడ్డాం. నేను, రూతమ్మ, ఈశ్వరమ్మ, హంస. రూతమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. కాళ్ళకింద ఇసుక అదిరింది. పొగ మధ్యలోంచి నిప్పుల గీత పైకి పోయి, చిన్నదై, కనపడకుండా పోయింది.

"పోయిందా?" అంది రూతమ్మ కళ్ళు తెరవకుండా.

"పోయింది."

"మొదటిసారి ఎప్పుడు లేపుతారు దాన్ని?"

"పద్నాలుగు నెలలకి. మీ మాటలు రికార్డు చేసి ముందే పంపాలి."

"అయితే ఇంటికి పోయి మొదలుపెట్టాల. దువ్వెన సంగతి ఈసారి నేనే చెపుతా, దాంతో ఎందుకు కొట్టానో కూడా చెపుతా."

హంస నా చెయ్యి పట్టుకుని లాగింది. "డాక్టరమ్మా, సునందత్తకి నేను కూడా ఒకటి పంపల్ల."

"ఏం చెప్తావు?"

"మా నాయన ట్రాక్టరులో మిగిలిపోయిన బోల్టు ఉంది కదా," అంది ఆ పిల్ల. "అది మా షెడ్డులో దొరికింది. యాడిదో నేను కనుక్కుంటానని సెప్పల్ల."